ష్పేట్‌లేజ అని రాసి ఉంటే తీపి అనుకోవాలా, వద్దా?

కొలోన్‌కాపురం
ఒకే షాపులో, ఒకే అరలో పక్కపక్కన ఉన్న రెండు జర్మన్ రీస్లింగ్ వైన్ సీసాలు కొన్నాను. రెండింటి మీదా ష్పేట్‌లేజ అనే ఉంది. ఒకటి మోజెల్ ప్రాంతానిది, ఇంకొకటి ఫాల్ట్స్ ప్రాంతానిది. ష్పేట్‌లేజ అంటే ఆలస్యంగా కోసిన ద్రాక్ష కాబట్టి రెండూ తియ్యగానే ఉంటాయని షాపులో ఆవిడ భరోసా ఇచ్చింది. శనివారం మావారి ఆఫీసు వాళ్ళు భోజనానికి వచ్చారు. మొదటి సీసా తియ్యగానే ఉంది, అందరూ మెచ్చుకున్నారు. రెండోది తెరిస్తే తీపి జాడే లేదు, పైగా గొంతులో వేడి. ఒకాయన మర్యాద కోసం గ్లాసు పట్టుకుని కూర్చున్నాడే తప్ప రెండో గుక్క వేయలేదు. ఒకే పేరుతో రెండు రకాల సరుకు అమ్మడం ఎక్కడి న్యాయం? దీనికేమైనా లెక్క ఉందా, లేక జర్మన్లు మనల్ని ఆటపట్టిస్తున్నారా?

పుల్లమజ్జిగ
ఆటపట్టించాలన్నా వాళ్ళు ముందు ఒక చట్టం చేసుకుంటారండి. 1971లో చేశారు కూడా.

మైంజ్_మాష్టారు
పుల్లమజ్జిగ వేళాకోళంగా అన్నా మాట నిజమే. కిటుకంతా ఆ 1971 వైన్ చట్టంలోనే ఉంది. కాబినెట్, ష్పేట్‌లేజ, ఔస్‌లేజ, బేరెన్‌ఔస్‌లేజ, ఐస్‌వైన్, ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజ అని ఇప్పుడు ఆరు హోదాలు. ఇవేవీ సీసాలో ఉన్న వైన్ ఎంత తీపో చెప్పవు. ద్రాక్ష కోసిన రోజున రసంలో ఎంత చక్కెర ఉందో చెబుతాయి, అంతే.

ఆ చక్కెరను ఎక్స్‌లె డిగ్రీల్లో కొలుస్తారు. ఫోర్ట్స్‌హైమ్ ఊరి స్వర్ణకారుడు ఫెర్డినాండ్ ఎక్స్‌లె 19వ శతాబ్దంలో వాడుకలోకి తెచ్చిన కొలత ఇది. లీటరు రసం లీటరు నీటికంటే ఎన్ని గ్రాములు ఎక్కువ తూగితే అన్ని డిగ్రీలు. ష్పేట్‌లేజ అనిపించుకోవాలంటే ప్రాంతాన్నీ ద్రాక్ష రకాన్నీ బట్టి కనీసం 76 నుంచి 90 డిగ్రీలు ఉండాలి. ఔస్‌లేజకు 83 నుంచి 100, బేరెన్‌ఔస్‌లేజకు 110 నుంచి 128, ట్రోకెన్‌బేరెన్‌కు 150 పైమాటే. చలి ప్రాంతమైన మోజెల్‌లో హద్దు తక్కువ, ఎండ బాగా కాసే బాడెన్‌లో ఎక్కువ.

ఆ చక్కెరలో ఈస్టు ఎంత తినాలన్నది తయారీదారు ఇష్టం. పూర్తిగా తిననిస్తే తీపి ఉండదు, ఆల్కహాల్ పెరుగుతుంది. మధ్యలో చల్లబరిచి, వడగట్టి ఆపేస్తే తీపి మిగిలిపోతుంది. మీ ఫాల్ట్స్ సీసా మీద ట్రోకెన్ (అంటే తీపి లేనిది) అన్న మాట ఎక్కడో ఉండాలి, వెతకండి.

కొలోన్‌కాపురం
ఉంది మాష్టారూ, వెనక లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాలతో. ఆల్కహాల్ 12.5 శాతం అని ఉంది. మోజెల్ సీసా మీద ట్రోకెన్ లేదు, ఆల్కహాల్ 8 శాతం.

లెక్కలపిచ్చి
ఆ రెండు అంకెలతోనే కథ మొత్తం బయటపడుతుంది. 90 డిగ్రీల రసంలో లీటరుకు సుమారు 205 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక శాతం ఆల్కహాల్ పుట్టాలంటే సుమారు 17 గ్రాములు ఖర్చవుతుంది. 8 శాతానికి 136 గ్రాములు పోయాయి, 70 దాకా మిగిలాయి. అదే మీ మొదటి సీసా తీపి. రసంలో చక్కెరంతా ఖర్చయితే ఆల్కహాల్ 12 దాటుతుంది. అదే రెండో సీసా, ఆ గొంతులో వేడి కూడా అదే.

షాపులో నిలబడి లెక్కలు వేయలేకపోతే ఒక అడ్డదారి చెబుతాను. ఆల్కహాల్ 9 కంటే తక్కువైతే తీపి. 12, ఆపైన అయితే తీపి లేదు. రెండింటి మధ్య ఉంటే కళ్ళజోడు పెట్టుకుని వెనక లేబుల్ చదవాలి.

అనుమానపక్షి
అయితే కాబినెట్ 8 శాతం ఉన్నా, ఔస్‌లేజ 8 శాతం ఉన్నా ఒకటే తీపి అన్నమాట?

లెక్కలపిచ్చి
ఎలా అవుతుంది? మొదలుపెట్టిన చక్కెర వేరు కదా. 80 డిగ్రీల కాబినెట్ దాదాపు 180 గ్రాములతో మొదలవుతుంది, 8 శాతం దగ్గర ఆపితే 45 మిగులుతుంది. 100 డిగ్రీల ఔస్‌లేజ 235తో మొదలవుతుంది, అక్కడే ఆపితే 100 మిగులుతుంది. హోదా చెప్పేది మొదలు, ఆల్కహాల్ చెప్పేది ఖర్చు. తీసివేత మనం చేసుకోవాలి.

పుల్లమజ్జిగ
గ్లాసు ఎత్తే ముందు తీసివేత చేయమన్నది లోకంలో ఈ దేశం ఒక్కటే.

ట్రోకెన్‌వాది
రెండో సీసాను తిట్టడం అన్యాయం. ఫాల్ట్స్ ష్పేట్‌లేజ ట్రోకెన్ నేను వారం వారం తాగేది. బాగా పండిన ద్రాక్ష, నిండైన ఒళ్ళు, చివర్లో కాస్త వగరు. తీపి కావాలంటే మిఠాయి కొట్టుకు వెళ్ళాలి. ఇవాళ జర్మనీలో జర్మన్లు తాగే నాణ్యమైన రీస్లింగ్‌లో ఎక్కువ భాగం ట్రోకెనే. తీపి మోజెల్ విదేశాల ఎగుమతికి, మనలాంటి కొత్తవాళ్ళకు.

పాతసీసా
ట్రోకెన్‌వాది గారూ, కొత్తవాళ్ళు అంటూ నన్నూ కలిపేశారు. నేను ఈ దేశం వచ్చేనాటికి బెర్లిన్ గోడ ఇంకా నిలబడే ఉంది. నా నేలమాళిగలో ఉన్నవి అన్నీ తీపి ష్పేట్‌లేజలే. జర్మన్లు తీపికి మొహం చాటేయడానికి కారణం రుచి కాదు, అవమానం. 1960, 70లలో చవక తీపి వైన్‌తో ప్రపంచాన్ని ముంచెత్తారు. క్రిమిరహిత వడపోత యంత్రాలు అందరికీ అందుబాటులోకి వచ్చాక తీపి మిగల్చడం నీళ్ళు తాగినంత సులభమైంది. దాంతో పేలవమైన ద్రాక్షకు కూడా తీపి ముసుగు వేశారు. ఆ తర్వాత 1985లో ఆస్ట్రియా గ్లైకాల్ గొడవ.

కొలోన్‌కాపురం
గ్లైకాల్ గొడవ ఏమిటండీ?

పాతసీసా
వైన్ చిక్కగా, తియ్యగా, ఖరీదైన ఆలస్యపు కోతలాగా అనిపించాలని కొందరు ఆస్ట్రియా వ్యాపారులు డైఎథిలీన్ గ్లైకాల్ కలిపారు. ఇంజన్లు గడ్డకట్టకుండా వాడే ద్రవాల జాతి రసాయనం అది. ఆ సరుకులో పెద్ద భాగం జర్మనీకే వచ్చేది. ఇక్కడి కొందరు సీసాలు నింపేవాళ్ళు దాన్ని తమ వైన్‌లో కలిపారని కూడా తేలింది. ష్పేట్‌లేజ, ఔస్‌లేజ అన్న పేర్లు వింటేనే జనం అనుమానంగా చూసే రోజులవి. ట్రోకెన్ మోజు అంతకుముందే మొదలైంది కానీ ఈ దెబ్బతో ఊపందుకుంది. తప్పు చేసినవాడు ఒకడు, శిక్ష పడింది తీపికి.

అనుమానపక్షి
సరే, విషం కలపడం నేరం. ఇప్పుడైనా పులియని తీపి రసం పక్కన దాచి, చివర్లో కలుపుతారని విన్నాను. అది కల్తీ కాదా?

మైంజ్_మాష్టారు
అది చట్టం ఒప్పుకున్న పద్ధతే. జ్యూస్‌రెజెర్వ అంటారు. ద్రాక్షరసమే కాబట్టి కల్తీ అనలేం. ఈ ఆరు హోదాల వైన్లలో నిషేధం దేనికంటే, పులియక ముందు ఆల్కహాల్ పెంచడానికి పంచదార పోయడం. మామూలు వైన్‌కు అది చేయవచ్చు, వీటికి కుదరదు. మంచి పేరున్న తయారీదారులు చాలామంది రసం కలపరు, పులియడం మధ్యలో ఆపుతారు. రుచిలో తేడా ఉంది. ఈస్టు ముందు గ్లూకోజ్ మీద పడుతుంది, కాబట్టి మధ్యలో ఆపితే మిగిలేదాంట్లో ఫ్రక్టోజ్ పాలు ఎక్కువ. అది నాలుకకు పళ్ళ తీపిలా తగులుతుంది. రసం కలిపితే రెండూ ఇంచుమించు సమానంగా చేరతాయి.

పంచదారపలుకు
నాకు షుగరు ఉంది, అందుకే ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. లీటరుకు 70 గ్రాములంటే గుండె జారింది. ట్రోకెన్ అని ఉంటే అసలు చక్కెర లేనట్టేనా?

మైంజ్_మాష్టారు
లేనట్టు కాదు. ట్రోకెన్ అంటే లీటరుకు 4 గ్రాముల లోపు. పులుపు గట్టిగా ఉంటే 9 దాకా కూడా ఒప్పుకుంటారు, కానీ చక్కెర పులుపుకంటే 2 గ్రాములకు మించి ఎక్కువ ఉండకూడదు. అంటే పులుపు 7 గ్రాములుంటే చక్కెర 9 ఉన్నా అది ట్రోకెనే. పులుపు 5 అయితే 7 దగ్గర ఆగాలి. తర్వాతి మెట్టు హాల్బ్‌ట్రోకెన్, 12 దాకా, పులుపు తోడుంటే 18 దాకా. ఆపైన 45 వరకు లీబ్లిష్. 45 దాటితే చట్టం లెక్కలో అది పూర్తి తీపి.

లెక్కలపిచ్చి
పంచదారపలుకు గారికి పోలిక కోసం: మామూలు కోలాలో లీటరుకు 100 గ్రాముల పైనే ఉంటుంది. 70 గ్రాముల ష్పేట్‌లేజ 100 మి.లీ. తాగితే 7 గ్రాములు. ఇంకో మాట, 2023 డిసెంబరు 8 తర్వాత తయారైన వైన్లకు యూరప్ అంతటా పోషకాల పట్టిక తప్పనిసరి. లేబుల్ మీద కేలరీలు ఉంటాయి, మిగతా పట్టిక చాలా సీసాల్లో క్యూఆర్ కోడ్ వెనక ఉంటుంది. 2024 పంట సీసా దొరికితే ఫోను పెట్టి చూడండి, 100 మి.లీ.కి చక్కెర ఎంతో తెలిసిపోతుంది. మీకు ఎంత తగునో మాత్రం మీ డాక్టరు చెప్పాలి, మేం కాదు.

కొలోన్‌కాపురం
అయ్యో, ఆ కోడ్ సంగతి ఆ షాపులో ఆవిడకైనా తెలిసి ఉండాల్సింది.

ఫ్రైబుర్గ్_కొత్తపెళ్ళికొడుకు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా మామగారు వస్తున్నారు, ఆయనకు తీపి మరీ ఎక్కువ పనికిరాదు, అసలు లేకపోయినా పనికిరాదు. ఫైన్‌హెర్బ్ అని రాసినవి చూశాను. ఈ పట్టికలో అది ఎక్కడా కనపడలేదు.

మైంజ్_మాష్టారు
కనపడదు. దానికి చట్టంలో అంకె లేదు. హాల్బ్‌ట్రోకెన్ అన్న మాటకు గిరాకీ లేక దాని బదులు వాడుతున్నారు. కొందరు హాల్బ్‌ట్రోకెన్ హద్దు దాటి కాస్త తీపి వైపు వెళ్ళినా అదే పేరు వేస్తారు. మీ మామగారికి సరిగ్గా సరిపోతుంది, కాని ముందు మీరొక సీసా తెరిచి చూసుకోండి. ఒక్కో ఇంటి ఫైన్‌హెర్బ్ ఒక్కో రకం.

పుల్లమజ్జిగ
చెప్పీ చెప్పకుండా ఉండే పేరు. పెళ్ళిచూపుల్లో జీతం చెప్పినట్టు.

ఎండుమిర్చి
ఇంతసేపూ గ్రాములు తూచుతున్నారు గాని, అసలు భోజనంలో ఏం వడ్డించారో కొలోన్‌కాపురం గారిని ఎవరూ అడగలేదు.

కొలోన్‌కాపురం
కోడి వేపుడు, గోంగూర మాంసం, పప్పు. కారం తగ్గించే వండాను, జర్మన్లు కదా అని.

ఎండుమిర్చి
అదిగో. కారం ఉన్నచోట 12.5 శాతం వైన్ పోస్తే మంట మీద నెయ్యి పోసినట్టే. ఆల్కహాల్ కారం మంటను రెచ్చగొడుతుంది. 8 శాతం ష్పేట్‌లేజలో ఆ బాధ తక్కువ, తీపి మంటను అణుస్తుంది, పులుపు నోటిని కడిగేస్తుంది. మా ఇంట్లో గోంగూర మాంసానికి మోజెల్ ష్పేట్‌లేజ తప్ప ఇంకోటి తేను. ఆ ఆఫీసు పెద్దమనిషి గ్లాసు పట్టుకుని కూర్చున్నాడంటే తప్పు సీసాది కాదు, జతది.

తీపి వైన్ అనగానే ముక్కు విరిచే ట్రోకెన్‌వాది గారికి ఒక మాట. పులుసులో బెల్లం వేసినంత మాత్రాన దాన్ని పాయసం అంటామా? మోజెల్ రీస్లింగ్‌లో పులుపు లీటరుకు 7, 8 గ్రాములుంటుంది. అంత పులుపు ముందు 50 గ్రాముల చక్కెర గట్టిగా తలెత్తదు. అదే చక్కెర పులుపు లేని వైన్‌లో ఉంటే నాలుక మీద బంకలా పట్టేస్తుంది.

ట్రోకెన్‌వాది
పులుసు మాట ఒప్పుకుంటాను. కానీ మాంసానికి తీపి వైన్ నా వల్ల కాదు. గోంగూరలోనే పులుపు బోలెడుంటే మళ్ళీ పుల్లటి రీస్లింగ్ దేనికి? హాల్బ్‌ట్రోకెన్ దాకా వస్తాను, అంతకు మించి ఒక్క గ్రాము కూడా రాను.

ఎండుమిర్చి
గోంగూర పులుపు ముందు పులుపు లేని వైన్ చప్పగా చచ్చిపోతుంది. ఒకసారి పక్కపక్కన పెట్టి తాగి చూడండి, తర్వాత గ్రాముల బేరం ఆడదాం.

నిర్వాహకుడు
గోంగూరకు వేరే చర్చ ఇప్పటికే నడుస్తోంది. ఇక్కడ వైన్ తీపి మీదే ఉండనివ్వండి. (ఎండుమిర్చి గారి మాటే నా మాట. అది వేరే సంగతి.)

కొలోన్‌కాపురం
ఇంకొకటి. అసలు ఆలస్యంగా కోయాలన్న ఆలోచన ఎవరికి వచ్చింది? కుళ్ళిపోదా?

పాతసీసా
కుళ్ళిన దాంట్లోంచే వచ్చిందని కథ. రైన్‌గౌ ప్రాంతంలో ష్లోస్ యోహానిస్‌బెర్గ్ అనే కోట ద్రాక్షతోటలు అప్పట్లో ఫుల్డా మఠాధిపతివి. ఆయన అనుమతి పత్రం వస్తే తప్ప కోత మొదలుపెట్టకూడదు. 1775లో ఆ పత్రం తెచ్చే రౌతు బాగా ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి ద్రాక్ష బూజు పట్టి ముడుచుకుపోయింది. వేరే దారి లేక దాన్నే కోసి పిండితే మరుసటి ఏడాది రుచి చూసినవాళ్ళ మతిపోయింది. ఆ రౌతు విగ్రహం ఇప్పటికీ అక్కడి ఆవరణలో గుర్రం మీద ఉంది. ఆలస్యంగా వచ్చినందుకు విగ్రహం కట్టించుకున్న తపాలా ఉద్యోగి ఇంకెవరూ లేరు.

అనుమానపక్షి
కథ బాగుంది. కాని హంగరీలో టోకాయ్ వాళ్ళు అంతకు ఒక శతాబ్దం ముందే బూజు పట్టిన ద్రాక్షతో తీపి వైన్ చేస్తున్నారు. గుర్రం రాకపోయినా బూజు వచ్చేది.

పాతసీసా
టోకాయ్ ముందే అన్నది నిజం. అయినా యోహానిస్‌బెర్గ్ వాళ్ళు బూజు కనిపెట్టామని చెప్పుకోవడం లేదు. ఆ తర్వాత ఆలస్యపు కోత ఇక్కడ పద్ధతిగా స్థిరపడింది. అదీ వాళ్ళ గొప్ప.

ఫ్రైబుర్గ్_కొత్తపెళ్ళికొడుకు
బూజు పట్టిన పళ్ళ రసమా?! మామగారికి ఇది చెప్పను.

నాహె_నది
అన్ని బూజులూ ఒకటి కావు. బోట్రైటిస్ అనే ఈ బూజును ఇక్కడివాళ్ళు ఎడెల్‌ఫౌలె అంటారు. పొద్దున నది మీంచి పొగమంచు, మధ్యాహ్నం ఎండ ఉంటే ఇది పండిన ద్రాక్ష తొక్కకు కంటికి కనపడని చిల్లులు పెడుతుంది. నీరు ఆవిరైపోయి చక్కెర, పులుపు రెండూ చిక్కబడతాయి. వానలు ఆగకపోతే అదే బూజు పంటను నాశనం చేస్తుంది. బేరెన్‌ఔస్‌లేజకు ఇలాంటి పళ్ళను ఏరి కోస్తారు. ట్రోకెన్‌బేరెన్‌కు పండు పూర్తిగా ఎండి ముడుచుకుపోవాలి. రోజంతా కష్టపడినా బకెట్ అడుగు నిండదు. మామూలు ష్పేట్‌లేజకు మాత్రం బూజు అక్కర్లేదు, చాలా ఇళ్ళలో శుభ్రమైన ద్రాక్షతోనే చేస్తారు. మీ మామగారికి ధైర్యంగా పోయండి.

అనుమానపక్షి
ఐస్‌వైన్ కూడా అలాంటి బూజుదేనా?

నాహె_నది
కాదు, అక్కడ ద్రాక్ష వీలైనంత ఆరోగ్యంగా ఉండాలి. ఒక డిసెంబరులో మా ఊరి పక్క రైతు కుటుంబానికి సాయం వెళ్ళాను, అది చెబుతాను. మైనస్ 7 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లగా ఉన్నప్పుడు, తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షను కోయాలని నిబంధన. గడ్డకట్టి ఉండగానే పిండాలి. అందుకని ఆయన రాత్రి వాతావరణం చూసుకుని అప్పటికప్పుడు అందరికీ ఫోను చేశాడు. చీకటి ఉండగానే నుదుటికి దీపాలు కట్టుకుని వాలు మీదికి ఎక్కాం. పక్షులు తినకుండా తీగల చుట్టూ చుట్టిన ప్లాస్టిక్ వల మంచుకు బిగుసుకుపోయింది, చింపితే గాని రాలేదు. గుత్తి కోసి వేస్తుంటే బకెట్ ఠంగుమని మోగేది. చేతి తొడుగులు రెండు జతలు వేసుకున్నా వేళ్ళు పనిచేయడం మానేశాయి.

పిండే యంత్రం ఇంటి వెనక ఆరుబయట ఉంది. లోపల పెడితే మంచు కరిగి రసం పల్చబడుతుంది. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత గొట్టం చివర ఒక చుక్క, ఇంకాసేపటికి ఇంకో చుక్క. నీరంతా మంచుగా తొక్కలతోపాటు లోపలే ఉండిపోతుంది, చిక్కటి రసం మాత్రమే బయటికి. రైతు రెండు చుక్కలు గాజు పలక మీద వేసి, కొలిచే గొట్టాన్ని దీపం వైపు ఎత్తి చూశాడు. 140 దాటింది. ఏమీ అనలేదు, గొట్టం భార్య చేతికిచ్చి చూడమన్నాడు. ఆ రసం వేలితో రుచి చూశాను. మొదట తీపి, వెంటనే దవడలు జివ్వుమనేంత పులుపు. తీపి ఒక్కటే అయితే చెంచాడు కూడా మింగుడు పడదు.

పంచదారపలుకు
చదువుతుంటేనే నాకు రెండు యూనిట్లు పెరిగినట్టుంది. కానీ ఎంత బాగా చెప్పారో.

లెక్కలపిచ్చి
నాహె_నది గారు చెప్పినదానికి ఒక చేర్పు. 2019 పంటకు జర్మనీలో ఏ ప్రాంతంలోనూ ఐస్‌వైన్ తయారు కాలేదు. ఆ చలికాలంలో మైనస్ 7 అన్నది ఎక్కడా సరిగ్గా పడలేదు. అన్ని ప్రాంతాలూ ఒకేసారి ఖాళీ చేతులతో మిగలడం అదే మొదటిసారి. జనవరిలో కోసినా సీసా మీద కిందటి సంవత్సరమే వేస్తారు, అది గమనించండి.

పాతసీసా
వేడి పెరిగిన దెబ్బ రెండోవైపు కూడా తగిలింది. నా యవ్వనంలో ష్పేట్‌లేజ డిగ్రీలు అందుకోవడమే రైతుకు పండగ. ఇప్పుడు సెప్టెంబరులోనే దాటిపోతున్నాయి. చట్టంలో కింది హద్దే గాని పై హద్దు లేదు. కాబట్టి ఔస్‌లేజకు సరిపోయే ద్రాక్షను ష్పేట్‌లేజ అనీ, ష్పేట్‌లేజకు సరిపోయేదాన్ని కాబినెట్ అనీ అమ్ముతున్నారు. ఇవాళ కష్టపడి తయారు చేయాల్సింది నిజమైన కాబినెట్, సన్నగా, తేలికగా ఉండేది. ఇప్పటి ష్పేట్‌లేజ తాగుతుంటే 1983 ఔస్‌లేజ గుర్తొస్తుంది నాకు.

ట్రోకెన్‌వాది
అందుకే హోదాల గొడవ వదిలేయాలంటాను. వీడీపీ అని 1910లో పుట్టిన తయారీదారుల సంఘం ఉంది, సీసా మెడ మీద గద్ద బొమ్మ వాళ్ళ గుర్తు. వాళ్ళు ష్పేట్‌లేజ, ఔస్‌లేజ మాటలను తీపి వైన్లకే ఉంచేశారు. అన్నిటికంటే మంచి తోటల తీపి లేని వైన్‌కు గ్రోసెస్ గెవెక్స్ అని పేరు. కొలోన్‌కాపురం గారు గద్ద బొమ్మ సీసా కొని ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

మైంజ్_మాష్టారు
అది సంఘం కట్టుబాటు, దేశ చట్టం కాదు. సంఘం బయట ఉన్న వేలాది రైతులు ష్పేట్‌లేజ ట్రోకెన్ నిక్షేపంగా వేసుకోవచ్చు, వేసుకుంటున్నారు. పైగా అందులో చాలావరకు పది యూరోల లోపు మంచి వైన్లు. గ్రోసెస్ గెవెక్స్ ధరకు మా ఇంట్లో వారం సరుకులు వస్తాయి.

ట్రోకెన్‌వాది
ధర సంగతి వేరు. పేరు సంగతి నేను అన్నదే.

కొలోన్‌కాపురం
ఆ మోజెల్ సీసా ఇంకొకటి తెచ్చాను, ఈసారి నా కోసమే. అడుగున గాజు పలుకుల్లాంటివి మెరుస్తున్నాయి. చక్కెర ఎక్కువై పేరుకుందా?

ఫ్రైబుర్గ్_కొత్తపెళ్ళికొడుకు
అయ్యుంటుంది. 70 గ్రాములు మరి.

నాహె_నది
చక్కెర కాదు. 70 గ్రాములు లీటరు వైన్‌లో హాయిగా కరిగే ఉంటాయి. ఆ పలుకులు టార్టారిక్ ఆమ్లపు లవణాలు, చల్లబడితే పేరుకుంటాయి. ట్రోకెన్ సీసాలోనూ వస్తాయి. ఒకటి నాలుక మీద పెట్టుకోండి, తీపి ఉండదు. హాని లేదు, మెల్లగా వంచుకోండి.

పాతసీసా
ఇంకో హెచ్చరిక కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ముదిరిన రీస్లింగ్ తెరిస్తే కిరోసిన్ వాసన తగలవచ్చు. పాడైందని సింకులో పోయకండి, అది ఆ ద్రాక్ష స్వభావం. మంచి తీపి ష్పేట్‌లేజ పదిహేను, ఇరవై ఏళ్ళు నిలుస్తుంది. విచిత్రం ఏమిటంటే ఏళ్ళు గడిచేకొద్దీ తీపి వెనక్కి తగ్గినట్టు అనిపిస్తుంది. కొలిస్తే చక్కెర అంతే ఉంటుంది.

పుల్లమజ్జిగ
కిరోసిన్ కోసం రేషన్ షాపులో నిలబడ్డ తరం మాది. ఇప్పుడు డబ్బిచ్చి కొనుక్కుని వాసన చూస్తున్నాం.

అనుమానపక్షి
కొన్ని ఔస్‌లేజ సీసాల మూత మీద బంగారు రంగు రేకు ఉంటోంది, ధర రెట్టింపు. దానికీ చట్టమేనా?

మైంజ్_మాష్టారు
దానికి చట్టం లేదు. గోల్డ్‌కాప్సెల్ అంటారు. తన ఔస్‌లేజల్లో ఇంకా ఏరిన ద్రాక్షతో, ఎక్కువగా ఎడెల్‌ఫౌలెతో చేసినదని రైతు ఇచ్చే సైగ. కొందరు నక్షత్రాలు వేస్తారు. రెండు సీసాల పేర్లు, ఏడాది, తోట అన్నీ ఒకటే అయినా వైన్ వేరు కావచ్చు, అప్పుడు లేబుల్ మీద ఏ.పీ. అనే పరీక్ష సంఖ్య చూడండి. దాని చివరి అంకెలు పరీక్ష జరిగిన సంవత్సరం, వాటికి ముందున్నవి ఏ విడతలో నింపారో చెబుతాయి.

లెక్కలపిచ్చి
ధరల మాట వచ్చింది కాబట్టి: జార్ లోయలో ఏగోన్ ముల్లర్ ఇంటి 2003 షార్ట్స్‌హోఫ్‌బెర్గర్ తోట ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజ 2015లో ట్రీర్ వేలంలో సీసా 12,000 యూరోలకు పోయింది. పన్నులు అదనం.

పుల్లమజ్జిగ
దానికి తీసివేత చేసినా ఏమీ మిగలదు.

రైలుబండి_రామం
నాకు వైన్ తీపి గురించి ఏమీ తెలియదు, చదివి నేర్చుకుంటున్నాను. వచ్చే నెల హైదరాబాదు వెళ్తున్నాను. మా అన్నయ్య ఐస్‌వైన్ తెమ్మన్నాడు. ఎన్ని సీసాలు తీసుకువెళ్ళవచ్చు?

నాహె_నది
పెద్దవాళ్ళకు తలకు 2 లీటర్ల దాకా మద్యానికి కస్టమ్స్ సుంకం ఉండదు. ఐస్‌వైన్ ఎక్కువగా 375 మి.లీ. చిన్న సీసాల్లో వస్తుంది. చెక్ఇన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టండి.

లెక్కలపిచ్చి
అంటే 5 సీసాలు, 1,875 మి.లీ. ఇంకా 125 మి.లీ. ఖాళీ ఉంటుంది.

పుల్లమజ్జిగ
ఆ 125 ఇక్కడే తాగి బయలుదేరండి రామం గారూ. కస్టమ్స్ వాళ్ళు పొట్ట తూచరు.